బూట్లెందుకు అనేటోళ్ళకు, బూట్లు లేకుంటే రావద్దనేటోళ్ళకు

పోయిన సంచికలో నేను ఇప్పపువ్వు గురించి రాస్తే తెలుగు సార్ ఎర్ర పెన్నుతో పదిహేడు తప్పులు దిద్దిండు. ఈసారి అంతకంటె ఎక్కువే ఉంటయి కావచ్చు. కోపం మీద రాస్తున్న. కోపం మీద రాస్తే నాకు వత్తులు గుర్తుండవు.

నా కోపం రెండు మాటల మీద.

మొదటి మాట జనవరిలో విన్న. పోటీలకు వేరే బడి గ్రౌండుకు పోయినం. మన బడి పిల్లలం ఆరుగురం ఉత్తకాళ్ళతో గీత మీద నిలబడ్డం. అతిథులలో ఒక పెద్దమనిషి మా కాళ్ళ వైపు చూసి, పక్కాయనతో, "అడవి పిల్లలు గదా, వీళ్ళ కాళ్ళు గట్టియి. వీళ్ళకు బూట్లెందుకు?" అన్నడు. తిట్టలేదు, మెచ్చుకుంటున్న అనుకున్నడు. పోటీ అయినంక మాకు అరటిపండ్లు కూడా ఇచ్చిండు. అందరూ నవ్విన్రు. నేను కూడా నవ్విన. రాత్రి పండుకున్నంక ఎందుకు నవ్విన్ననో అర్థం కాక చాలాసేపు నిద్ర పట్టలేదు.

రెండో మాట ఫిబ్రవరిలో కాగితం మీద వచ్చింది. వసంతకాలం ప్రాక్టీసు మొదలైతదని పేర్లు రాసి అంటించిన్రు. కింద ఒక లైను: బూట్లు లేనివాళ్ళు గ్రౌండులోకి రావద్దు. ఎవరు రాసిన్రో నేను చెప్పను, చెప్పి ఏం లాభం. ఆ లైను చూసి ఎనిమిదో తరగతి చెల్లె ఒకామె పేరు ఉండి కూడా రాలేదు. ఆమెకు బూట్లు ఇచ్చిన్రు, కానీ ఆమె పాదం వాటిలో పట్టదు. ఆమె 400 మీటర్లు నాకంటె బాగా ఉరుకుతది.

ఒకరు మాకు బూట్లు అక్కరలేదంటరు, ఇంకొకరు బూట్లు లేకుంటే మేమే అక్కరలేదంటరు. ఈ ఇద్దరిలో ఎవరూ ఒక్కసారి వంగి మా పాదం ఎంత ఉందో చూడలేదు. అందుకే ఇది రాస్తున్న.

ముందు నా సంగతి చెప్పాలి. మాది కిన్నెరసాని వాగు దగ్గర కోయ గూడెం. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. మా అమ్మ వేలిముద్ర వేస్తది. మా అయ్యకు బస్సు మీద ఊరి పేరులో మొదటి అక్షరం తెలుసు, అంతే. మా ఊళ్ళో ఉరుకుడును ఎవరూ ఆట అనరు. లేగదూడ తప్పిపోతే ఉరుకుతం, వాన వస్తుంటే ఎండేసిన ధాన్యం దగ్గరికి ఉరుకుతం, బస్సు పోతుంటే ఉరుకుతం. ఇప్పపువ్వు రాలే కాలంలో తెల్లవారకముందే చెట్టు కిందికి పోవాలి, లేకపోతే ఆవులు, కొన్నిసార్లు ఎలుగుబంటి కూడా మనకంటె ముందు తింటయి. చీకట్లో ఆ దారిలో పోతుంటే కాలికే కన్ను ఉంటది. ఎక్కడ రాయి, ఎక్కడ వేరు, ఎక్కడ పల్లేరు కాయలు, అన్నీ కాలు చెప్తది. ఇది గొప్పకు చెప్పడం లేదు. టార్చిలైటు ఉంటే మేమూ టార్చిలైటే పట్టుకుంటుమి.

మా అయ్య సంతలో కొన్న టైరు చెప్పులు వేసుకుంటడు. లారీ టైరు కోసి, పట్టీలు కొట్టి చేస్తరు. ముల్లు దిగదు, వానకు చెడిపోదు. మడమ కింద ఎత్తు ఉండదు, మెత్త ఉండదు. చిన్నప్పుడు నేను ఆ చెప్పులు వేసుకొని వాకిట్లో టపటప నడిస్తే అయ్య నవ్వేటోడు. ఈ టైరు చెప్పుల సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తది.

ఆరో తరగతిలో సికింద్రాబాద్ వచ్చిన. ఇక్కడ నేల వేరే. తారు రోడ్డు, సిమెంటు, మన గ్రౌండులో ఎర్ర మొరం. కాలికి చెప్పడానికి ఏమీ ఉండదు, ఎక్కడ చూసినా ఒకటే గట్టిదనం. మొదటిసారి బూట్లు తొడిగిన రోజు నేను మెట్లు దిగలేకపోయిన, ఎక్కడ అడుగు పడుతుందో తెలువలేదు. బూట్లు ఇచ్చేటప్పుడు ఎవరి కాలూ కొలవలేదు. ఆరో తరగతికి మూడో నంబరు, ఏడుకు నాలుగు, అట్లా తరగతిని బట్టి వచ్చినయి. నా పాదం పొడుగు తక్కువ, వెడల్పు ఎక్కువ. వేళ్ళు విసనకర్ర లాగా విచ్చుకొని ఉంటయి. చిన్నప్పటి నుంచి ఉత్తకాళ్ళతో తిరిగినోళ్ళకు చాలామందికి అట్లనే ఉంటది. బూటు ముందు భాగమేమో పడవ మొన లాగా ఉంటది. రెండు నెలలలో నా చిటికెన వేలి గోరు నల్లబడి ఊడింది. నంబరు పెంచితే వేళ్ళు పడతయి, కానీ మడమ జారుతది. ఈ బాధ మనలో ఎంతమందికి ఉందో నాకు తెలుసు, ఎందుకంటే స్నానాల గదుల దగ్గర అందరి కాళ్ళు కనిపిస్తయి.

పోయిన ఏడాది కొందరు దాతలు మందం అడుగున్న బూట్లు తెచ్చి ఇచ్చిన్రు. చూడ్డానికి మంచిగున్నయి, రొట్టె ముక్క మీద నిలబడ్డట్టు మెత్తగ. అవి వేసుకొని ఉరికితే నాకు తెలువకుండానే నా నడక మారింది. ఇంతకుముందు పాదం ముందు భాగం నేలకు తాకేది, తర్వాత మడమ మెల్లగ దిగేది. ఈ బూట్లలో మడమ ముందు పడ్తున్నది, ధబ్ ధబ్ అని చప్పుడు. నెల అయ్యేసరికి మోకాలి కింద, ముందువైపు ఎముక నొప్పి. పీఈటీ మేడం ఐసు పెట్టింది, వారం ఆపింది, మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ నొప్పి.

మన ప్రాక్టీసు ఎట్లుంటదో గ్రౌండుకు రాని అక్కలకు తెలువదు కదా, కొంచెం చెప్తా. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ సెలవుల దాకా ఇదే అసలు కాలం. చలికాలంలో ఒళ్ళు ముడుచుకుంటది, మే నెల ఎండలో ఎవరమూ ఉరకలేము, వానకాలం గ్రౌండు బురద. ఈ నడుమ రెండున్నర నెలలే మాకు దొరికేది. ఐదింటికి గంట కొట్టకముందే మేడం వచ్చి మంచం పట్టీ మీద తడ్తది. బయట కానుగ చెట్ల కింద రాలిన పూలు తెల్లగా, ఊదాగా పరుచుకొని ఉంటయి. వేపపూత వాసన వస్తుంటది. మొదట రెండు రౌండ్లు నడక, నాలుగు రౌండ్లు మెల్లగ. తర్వాత రోజుకొకటి. సోమవారం 200 మీటర్లు ఎనిమిది సార్లు, నడుమ నడక. బుధవారం నీళ్ళ ట్యాంకు దగ్గరి ఎత్తు మీదికి పది సార్లు, దిగేటప్పుడు నడిచి దిగాలి, ఉరికి దిగితే మేడం తిడ్తది. శుక్రవారం ఆపకుండా ముప్పై నిమిషాలు. ఆదివారం వీలైతే బస్సులో సంజీవయ్య పార్కు దగ్గర నెక్లెస్ రోడ్డుకు. ఆరున్నరకు స్నానం, రాగిజావ, చదువు. మార్చి దాటితే ఏడింటికే మొరం వేడెక్కుతది. ఉత్తకాళ్ళతో ఉన్నోళ్ళు గీత మీద నిలబడ్డప్పుడు ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతుంటరు, కొంగల లెక్క.

బుధవారం ఎత్తు ఎక్కుడు నాకు ఇష్టం. మా ఊరి గుట్ట గుర్తుకొస్తది. ఎత్తు ఎక్కేటప్పుడు ఎంత మందం బూటు వేసినా మడమ ముందు పడదు, గమనించిన్రా?

ఇంక నెక్లెస్ రోడ్డు సంగతి. మార్చి మొదటి ఆదివారం అక్కడ ఒకాయన ఉరుక్కుంట వచ్చిండు. వయసు యాభై ఉంటది. ఆయన కాళ్ళు చూసి మేమంతా నోరు మూసుకొని నవ్వు ఆపుకున్నం. బూటుకు ఐదు వేళ్ళకు ఐదు గూళ్ళు ఉన్నయి, కప్ప కాళ్ళ లాగా. ఆయనే ఆగి చూపించిండు. అడుగు చాలా పల్చన, చేత్తో చుట్టేస్తే రుమాలు లాగా చుట్టుకుంటది. వీటిని మినిమలిస్ట్ బూట్లు అంటరట. అంటే తక్కువలో తక్కువ బూటు. మెత్త ఉండదు, మడమ కింద ఎత్తు ఉండదు, వేళ్ళకు జాగా ఉంటది. ఉత్తకాళ్ళతో ఉరికినట్టే ఉండాలని చేసిన్రు. ధర అడిగితే చెప్పిండు. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నం. మా అమ్మ తునికాకు కట్టలు కట్టి ఒక ఎండాకాలంలో తెచ్చే డబ్బులో అది పెద్ద ముక్క. ఉత్తకాళ్ళ లాగా ఉండడానికి అంత డబ్బా అని మా సుజాత బ్యాచు అంతా బస్సులో నవ్వింది. సుజాత మనిషి కాదు, మా డార్మెటరీ ఫ్యాను పేరు, దాని కింద పండుకునేటోళ్ళను అట్లా పిలుస్తరు.

నవ్విన గానీ ఆ మాట నాకు మనసులో పడింది. మేడంను అడిగి తెలుసుకున్న. 2010లో అమెరికాలో డేనియల్ లీబర్మన్ అనే ప్రొఫెసర్, ఆయన తోటివాళ్ళు కలిసి నేచర్ అనే పత్రికలో ఒక పరిశోధన వేసిన్రు. కెన్యాలో ఉత్తకాళ్ళతో పెరిగిన పిల్లలను, బూట్లతో పెరిగినోళ్ళను చూసిన్రు. ఉత్తకాళ్ళతో ఉరికే అలవాటు ఉన్నోళ్ళు ఎక్కువగా పాదం ముందు భాగం మీద గానీ, నడిమి భాగం మీద గానీ దిగుతరు. బూట్ల అలవాటు ఉన్నోళ్ళు ఎక్కువగా మడమ మీద దిగుతరు. మడమ మీద దిగితే ఒక్కసారిగా సుత్తెతో కొట్టినట్టు దెబ్బ పైకి పోతది, ముందు భాగం మీద దిగితే ఆ మొదటి దెబ్బ చాలా తగ్గుతది. నాకు జరిగింది సరిగ్గా అదే. ఉరికేటప్పుడు కాలు నేల మీద పడితే మన బరువుకు రెండు మూడు రెట్లు భారం పడ్తది. నేను 38 కిలోలు, అంటే 76 నుంచి 114 కిలోల దాకా. మన గ్రౌండులో 200 మీటర్ల రౌండుకు నా అడుగులు 152 లెక్కపెట్టిన. 1500 మీటర్లకు ఏడున్నర రౌండ్లు, 1140 అడుగులు. ఒక్కో కాలికి 570 దెబ్బలు. లెక్కల సార్, సరిగ్గా చేసిన్నా?

మెక్సికో దేశంలో కొండలలో, లోయలలో ఉండే రారామురి అనే ఆదివాసులు ఉన్నరు. ఎంతో దూరం ఉరకడానికి పేరు పడ్డోళ్ళు. 2009లో ఒక అమెరికా రచయిత వాళ్ళ గురించి పుస్తకం రాసినంక ప్రపంచమంతా ఈ పల్చని బూట్ల పిచ్చి ఎక్కువైంది. వాళ్ళు కాళ్ళకు ఏం వేసుకుంటరో తెలుసా? పాత టైరు ముక్కకు తోలు పట్టీలు కట్టిన చెప్పులు. మా అయ్య చెప్పులే. మేడం ఫోనులో బొమ్మ చూసి నేను గట్టిగ అరిచిన. 2017లో లొరెనా రామిరెస్ అనే రారామురి ఆమె లంగా కట్టుకొని, ఆ చెప్పులతోనే 50 కిలోమీటర్ల పోటీలో ఆడవాళ్ళలో మొదట వచ్చింది.

ఇంతవరకు చదివి, సరే అయితే బూట్లు తీసి పారేద్దాం అనుకునేరు. ఆగండి. నేను అట్లనే అనుకొని మునిగిన.

బొమ్మ చూసిన మరునాటి నుంచే మందం బూట్లు మంచం కిందికి తోసేసిన. శుక్రవారం ముప్పై నిమిషాలు ఉత్తకాళ్ళతో. ఆదివారం నెక్లెస్ రోడ్డు తారు మీద ఉత్తకాళ్ళతో ఐదు కిలోమీటర్లు. మేడం వద్దన్నా వినలేదు. నా కాళ్ళు గట్టియి అనుకున్న. చూడండి, ఆ అతిథి అన్న మాటే నేను నాతో అన్నా. మూడేళ్ళు బూట్లలో ఉన్న కాలు అది, మా ఊళ్ళో కాలు కాదు. పది రోజులకు పిక్కలు రాళ్ళయినయి. పదిహేను రోజులకు పాదం పైన, వేళ్ళ వెనక వాచింది. నొక్కితే కండ్లల్ల నీళ్ళు. డాక్టరు ఎముక అలిసిపోయింది, ఇంకొన్ని రోజులు ఉరికితే పగులుతుంది అన్నది. నాలుగు వారాలు ఆపింది. ఆ నాలుగు వారాలలోనే జోనల్ ఎంపిక అయిపోయింది. నేను తాడు పట్టుకొని, గీత దగ్గర కూర్చొని, వేరేవాళ్ళకు చప్పట్లు కొట్టిన. దీనికి నేను ఎవరినీ అనను. తప్పు నాదే.

తర్వాత తెలిసింది, నా లాగా అయినోళ్ళు చాలామంది ఉన్నరు. 2013లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. అలవాటు ఉన్న 36 మంది రన్నర్లను తీసుకున్నరు. 19 మంది పది వారాలలో మెల్లగ ఈ పల్చని బూట్లకు మారిన్రు, మిగిలినోళ్ళు పాత బూట్లతోనే ఉన్నరు. స్కానింగు చేస్తే మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల లోపల వాపు పెరిగింది. మారనోళ్ళలో ఒక్కరికే. మెల్లగ మారినోళ్ళకే అట్లయితే పది రోజుల్లో మారిన నాకు ఏం కాకుండా ఉంటదా? ఐదు వేళ్ళ బూట్లు చేసే వైబ్రమ్ అనే ఇటలీ కంపెనీ మీద అమెరికాలో కేసు పడింది. ఈ బూట్లు వేసుకుంటే దెబ్బలు తగ్గుతయి, పాదం బలపడుతది అని సరైన రుజువు లేకుండా ప్రచారం చేసిన్రని. తప్పు ఒప్పుకోకుండానే 2014లో 37 లక్షల 50 వేల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నరు. బూటు మంచిదో చెడ్డదో ఆ కేసు చెప్పలేదు. కాలు మారడానికి నెలలు పడ్తది, బూటు కొనడానికి ఐదు నిమిషాలు. తేడా అక్కడ ఉన్నది.

ఉత్తకాళ్ళ గొప్ప చెప్పేటోళ్ళందరూ అబెబె బికిలా పేరు చెప్తరు. ఇథియోపియా సైనికుడు. 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్ ఉత్తకాళ్ళతో గెలిచిండు, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు. నిజమే, గొప్పనే. కానీ ఆయనకు అక్కడ దొరికిన బూట్లు సరిపోలేదు. అందుకని, అలవాటున్న ఉత్తకాళ్ళతోనే ఉరికిండు. నా చిటికెన వేలి కథే అది. నాలుగేండ్ల తర్వాత 1964లో టోక్యోలో మళ్ళీ గెలిచిండు, అపెండిసైటిస్ ఆపరేషను అయ్యి నెలన్నర కూడా కాలేదు. అప్పుడు బూట్లు వేసుకున్నడు, తెల్ల సాక్సులు కూడా. 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లు. మూడు నిమిషాలు తక్కువ. టోక్యో బొమ్మను ఎవరూ గోడకు అంటించరు, రోమ్ బొమ్మనే అంటిస్తరు. ఎందుకంటే పేదోడు ఉత్తకాళ్ళతో గెలిస్తే చూడ్డానికి బాగుంటది. ఆయనకు ఏది బాగుండెనో ఎవరికి కావాలి.

మన ఊరు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం సార్ ఫుట్‌బాల్ కోచ్. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌కు మన దేశం జట్టును తీసుకపోయిండు. మనోళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతో ఆడేటోళ్ళు. అక్కడ చలి. యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిపోయిన్రు. ఆ తర్వాతనే బూట్లు తప్పనిసరి చేసిన్రు. 1956లో మెల్‌బోర్న్‌లో అదే రహీం సార్ జట్టు నాలుగో స్థానం దాకా పోయింది. బూట్ల వల్లనే అని నేను అనను, కానీ మన ఆట ఉత్తకాళ్ళ ఆట అని పట్టుకొని కూర్చుంటే అంత దూరం పోయేటోళ్ళు కారని నాకు అనిపిస్తది.

మన గురుకులాల అక్కనే మాలావత్ పూర్ణ. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకు పద్నాలుగేండ్లు కూడా నిండలేదు, ఇప్పుడు నా కంటె చిన్నది. తండా పిల్ల గదా, కాళ్ళు గట్టియి, బూట్లెందుకు అని ఎవరైనా ఆమెను మంచులోకి పంపిస్తురా?

ఇంకో సంగతి ఉన్నది, ఇది ఉరికేటోళ్ళకే కాదు అందరికీ. ఫిబ్రవరిలో మనకు నులిపురుగుల మాత్ర ఇస్తరు కదా, చాలామంది నాలుక కింద పెట్టి బయట ఉమ్ముతరు, నాకు తెలుసు. జీవశాస్త్రంలో కొంకిపురుగు ఉన్నది. దాని పిల్లపురుగు తడి మట్టిలో ఉంటది, పాదం చర్మం లోంచే లోపలికి పోతది, పేగులను పట్టుకొని రక్తం తాగుతది. నాకు ఏడో తరగతిలో రక్త పరీక్ష చేస్తే 9.8 వచ్చింది. రెండు రౌండ్లకే ఆయాసం వచ్చేది, నేను చేతకానిదాన్ని అనుకున్న. మాత్రలు, బెల్లం పల్లీలు, ఆకుకూర తిని, మరుగుదొడ్డికి చెప్పులు లేకుండా పోవడం మానినంక 12 దాటింది. అందుకే ఊళ్ళో మా తమ్మునికి చెప్పులు కొనుమని అయ్యకు ప్రతి ఉత్తరంలో రాస్తున్న, చదివి వినిపించేది పక్కింటి అన్న. ఉత్తకాళ్ళ గొప్ప నాకు చెప్పకండి అని నేను అనేది దీని గురించే.

మరి ఏం కావాలి అంటే, పాదానికి సరిపోయే బూటు కావాలి. స్వప్న బర్మన్ అని పశ్చిమ బెంగాల్ అక్క ఉన్నది. ఆమెకు ఒక్కో కాలికి ఆరు వేళ్ళు. మామూలు బూట్లు పట్టక నొప్పితోనే ఆడేది. 2018లో జకార్తా ఆసియా క్రీడలలో హెప్టాథ్లాన్‌లో బంగారు పతకం తెచ్చినంకనే ఆమె కాళ్ళ కొలతలు తీసుకొని బూట్లు చేసి ఇచ్చిన్రు. బంగారం తెచ్చినంక! ముందు కొలిస్తే ఏం పోయేది? 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో అదే హెప్టాథ్లాన్‌లో కాంస్యం తెచ్చింది మన సికింద్రాబాద్ అక్క అగసర నందిని, గురుకుల విద్యార్థినినే. నందిని అక్కకు 5712 పాయింట్లు, నాలుగో స్థానంలో స్వప్న అక్కకు 5708. నాలుగంటే నాలుగు పాయింట్లు. అంత దగ్గరి పోటీలో వేలికి బొబ్బ ఉంటే ఎంత తేడానో ఆలోచించండి.

బూట్లు లేకుంటే రావద్దు అని కాగితం రాసినోళ్ళకు ఒక మాట, గౌరవంగానే. ప్రపంచ అథ్లెటిక్స్ నియమాలలోనే ఉన్నది, ఉత్తకాళ్ళతో గానీ, ఒక కాలికి వేసుకొని గానీ, రెండు కాళ్ళకు వేసుకొని గానీ పోటీ చేయవచ్చు అని. వాళ్ళు భయపడేది మందం బూట్లకే. 2024 నవంబరు నుంచి ట్రాకు మీద బూటు అడుగు మందం 20 మిల్లీమీటర్లు దాటవద్దు అని పెట్టిన్రు. ఒలింపిక్స్‌కు పనికొచ్చే కాళ్ళు మన మొరం గ్రౌండుకు పనికిరావా? ఎనిమిదో తరగతి చెల్లెను రేపటి నుంచే రానియ్యండి.

మన ట్రంకు పెట్టెలలో ఉన్న తెల్ల కాన్వాస్ బూట్లు తీసి చూడండి. పల్చని అడుగు, మడమ ఎత్తు లేదు, చేత్తో వంచితే వంగుతది. నెక్లెస్ రోడ్డు పెద్దాయన వేలు పోసి కొన్నదానికి ఇది చిన్నాయన కూతురు లాంటిది. ఒక్కటే లోపం, ముందు ఇరుకు. మూడు వరుసల వెడల్పులో తెప్పిస్తే చాలు, ఖరీదు బూట్లు మాకు అక్కరలేదు. మందం బూట్లు ఎవరికి హాయిగా ఉన్నయో వాళ్ళు అవే వేసుకోని. మోకాళ్ళ నొప్పి ఉన్న పదో తరగతి అక్కకు అవే మంచిగ ఉన్నయట, ఆమె కాలు ఆమెది.

నేను ఇప్పుడు ఎట్లా చేస్తున్ననో చెప్తా. మేడం చెప్పినట్టే. ప్రాక్టీసు కాన్వాస్‌తో. అయిపోయినంక వంటగది వెనక గడ్డి మీద ఉత్తకాళ్ళతో ఐదు నిమిషాలు, వారానికి రెండు సార్లు. రెండు వారాలకు ఒకసారి రెండు నిమిషాలు పెంచుతున్న. ఇప్పుడు తొమ్మిది నిమిషాలకు వచ్చిన. పాదం పైన నొక్కి చూసుకుంట, నొప్పి ఉంటే ఆ వారం పెంచను. తారు మీద ఉత్తకాళ్ళు లేవు. సెలవులకు ఊరికి పోయినప్పుడు బండ్ల బాట మీద తెల్లవారుజామున ఉరుకుత, అయ్య చెప్పులు అడిగి ఒకసారి వేసుకొని కూడా చూస్త. అమ్మ ఏమంటదో, తునికాకు పని వదిలి ఉరుకుడేందని కొడ్తదో ఏమో.

పోయిన ఆదివారం మేము పాత పేపర్లు పరిచి, ఒక్కొక్కరిని నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలుతో గీసినం. 41 మందివి అయినయి. పొడుగు ఒకటే ఉన్న ఇద్దరి వెడల్పులో వేలెడు తేడా ఉన్నది. గీతలన్నీ కత్తిరించి, పేరు, తరగతి రాసి, ఈ కాగితం పక్కన మేకుకు గుచ్చినం, చూడండి. బూట్ల ఇండెంటు ఈ నెలాఖరుకు పోతదని ఆఫీసు అన్న చెప్పిండు, దాని లోపల ఇవి ప్రిన్సిపాల్ మేడంకు ఇస్తం. మీది లేకపోతే ఈ ఆదివారం టీ అయినంక రెండో డార్మెటరీకి రండి. కాళ్ళు కడుక్కొని రండి, పోయినసారి పేపరంతా మట్టి అయింది. పెన్సిలు నా దగ్గర ఉన్నది.

– తొమ్మిదో తరగతి, రెండో డార్మెటరీ